పరీక్షలు లేని డిగ్రీ ఉందా అని అడిగేవాళ్లకు



అడ్మిషన్లు మొదలైతే చాలు, మన పిల్లలు అడిగేది ఒకే మాట. "అన్నా, పరీక్షలు లేకుండా ఇంట్లో అసైన్‌మెంట్లు రాసి పంపితే వచ్చే డిగ్రీ ఏమన్నా ఉందా?" జూన్, జూలైలో ఒకసారి, మళ్లీ డిసెంబరు, జనవరిలో ఒకసారి అడుగుతారు. అడిగేవాళ్లను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. నాలుగేళ్ల కిందట మేమూ ఇదే అడిగినాం. అడిగి, తొమ్మిది వేలు ఒకని చేతిలో పెట్టినాం. తర్వాత ఏమైందో చెప్తాం, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మేము ముగ్గురం. హిందూపురంలో గార్మెంట్స్‌లో మిషన్ మీద కూర్చునే చెల్లి ఒకరు. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో కాంట్రాక్టు మీద షిఫ్టులు చేసే అన్న ఒకరు. ధర్మవరంలో కూలి మగ్గం నేసే తమ్ముడు ఇంకొకరు. అన్న, చెల్లి సుగాలీలు, వేర్వేరు తండాలు. తమ్ముడు ఎరుకల. మన విద్యార్థుల మీటింగులో పరిచయమై, ఇంటర్ దగ్గర చదువు ఆగిపోయిన ముగ్గురం ఒక జట్టు అయినాం. పెనుకొండ నడిమధ్యన కాబట్టి ఆదివారం అక్కడి రైల్వే స్టేషన్‌లోనే కలుస్తాం. టీ ఖర్చు తప్ప ఇంకో ఖర్చు లేదు.

ముందు ఆ తొమ్మిది వేల సంగతి. మా మూడు ఊళ్లలో ఒకదాంట్లో ఒక ఆఫీసు ఉండేది, ఏ ఊరో వద్దులెండి. అద్దాల తలుపు, గోడ నిండా యూనివర్సిటీల పేర్లు. "పరీక్ష హాలు మొహం చూడక్కర్లేదమ్మా. అంతా ఆన్‌లైన్. పేపర్లు మా మనుషులే రాస్తారు, నువ్వు సంతకం పెడితే చాలు. మూడేళ్ల డిగ్రీ ఏడాదిన్నరలో చేతికొస్తుంది" అన్నాడు కుర్చీలో ఉన్నాయన. మొత్తం ఇరవై రెండు వేలు, అడ్వాన్సు తొమ్మిది. చెల్లి వాళ్ల యాడి పొదుపు సంఘంలో అప్పు తీసి ఇచ్చింది. రోజంతా మిషన్ మీద కూర్చొని, ఇంటికొచ్చి సంగటి కెలికి, ఇద్దరు పిల్లలను పండబెట్టే మనిషికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో మాకు తెలుసు. మోసపోయింది అని నవ్వినవాళ్లకు ఆ మనిషి రోజు ఎట్ల గడుస్తుందో తెలియదు.

పెనుకొండ అన్నకు అనుమానం వచ్చింది. నైట్ షిఫ్టులో టీ బ్రేకు దొరికినప్పుడల్లా ఫోన్‌లో వెతికినాడు. 2020లో యూజీసీ తెచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ విద్య నిబంధనలు దొరికినాయి. అందులో ఒక లెక్క ఉంది, అందరూ గుర్తు పెట్టుకోవాల్సిన లెక్క. దూరవిద్య అయినా, ఆన్‌లైన్ అయినా, మధ్యలో రాసే అసైన్‌మెంట్ల లాంటివాటికి నూటికి 30 మించి ఇవ్వకూడదు. చివరి పరీక్షకు 70 తగ్గకూడదు. అంటే మన దేశంలో పరీక్ష లేకుండా అసైన్‌మెంట్ల మీదనే వచ్చే ఆన్‌లైన్ డిగ్రీ నిబంధన ప్రకారం లేనే లేదు. ఉందని ఎవరైనా చెప్తే, డిగ్రీ సంగతి దేవుడెరుగు, ముందు మన డబ్బు సంగతి చూసుకోవాలి.

ఆ ఆఫీసుకు ముగ్గురం కలిసి పోయినాం. నాలుగు వేలు తిరిగి ఇచ్చినారు, మిగతా ఐదు వేలు ప్రాసెసింగ్ ఫీజు అన్నారు. ఏం ప్రాసెస్ చేసినారో ఇప్పటికీ మాకు తెలియదు. అప్పు మాత్రం యాడి పదినెలలు కట్టింది.

అప్పుడు మా ప్రశ్న మారింది. పరీక్ష ఎట్లా తప్పదు. మరి ఆ 30 ఎట్ల పెడతారు, ఆ 70 ఎట్ల పెడతారు? ఒక యూనివర్సిటీలో అసైన్‌మెంట్ అంటే చేత్తో రాసి ఇచ్చే వ్యాసాలు. ఇంకోచోట కంప్యూటర్లో టిక్కులు పెట్టే క్విజ్. ఒకచోట చివరి ఏడాదిలో ప్రాజెక్టు రిపోర్టు ఉంటుంది, ఇంకోచోట ఉండదు. పరీక్ష కూడా ఒకచోట హాల్లో కూర్చొని మూడు గంటలు రాసేది, ఇంకోచోట ఇంట్లో కెమెరా ముందు రాసేది. చేరే ముందు అడగాల్సింది ఇవి. (పేపర్ అంటే మనకు పరీక్ష పేపరే గుర్తొస్తుంది కాబట్టి, ఇంట్లో రాసి పంపేదాన్ని అసైన్‌మెంట్ అనే అంటాం, తికమక లేకుండా.)

ఈ రెండు దారులు మన దగ్గర పుట్టినవి కావు. 1858లో లండన్ యూనివర్సిటీ, మా కాలేజీలో చదవకపోయినా, ఎక్కడ చదువుకున్నా సరే, వచ్చి పరీక్ష రాసి పాసైతే డిగ్రీ ఇస్తాం అన్నది. ఎవరు చెప్పారు, ఎట్ల నేర్చుకున్నావు అని అడగదు. బ్రిటన్‌లోనే 1969లో ఓపెన్ యూనివర్సిటీ పెట్టినప్పుడు దారి మార్చినారు. విద్యార్థి ఇంట్లో రాసి పంపుతాడు, ట్యూటర్ దిద్ది, ఎక్కడ తప్పో రాసి తిప్పి పంపుతాడు, ఆ మార్కులూ లెక్కలోకి వస్తాయి. మన తెలుగు నేల మీద 1982లో హైదరాబాద్‌లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. దానికి తర్వాత అంబేడ్కర్ పేరు పెట్టినారు. ఇగ్నో 1985లో వచ్చింది, అక్కడ అసైన్‌మెంట్లకు 30, పరీక్షకు 70. నెల్సన్ మండేలా బీఏ 1943లో దక్షిణాఫ్రికా యూనివర్సిటీ నుంచి ఇట్లా బయట ఉండి చదివిందే. అదే యూనివర్సిటీ ఎల్‌ఎల్‌బీ 1989లో వచ్చింది, అప్పటికి ఆయన ఇంకా జైల్లోనే ఉన్నాడు. దూరవిద్య అంటే మొహం చిట్లించే బంధువులు ఉంటే ఈ సంగతి చెప్పండి.

మేము ముగ్గురం ఒకే యూనివర్సిటీలో, అసైన్‌మెంట్లు 30, పరీక్ష 70 ఉండే బీఏలో చేరినాం. దాని పేరు రాయడం లేదు. ముందు ముందు కొంచెం ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి.

అసైన్‌మెంట్ సుఖమే అనుకున్నాం. మొదటిదానికే తెలిసింది. తండాలో పుట్టినవాడికి ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు, ఫారాల మీద ఇంగ్లీషు. తమ్ముడికి ఇంట్లో ఎరుకల మాట. మనం మాట్లాడే మాటకు బడిలో అక్షరం లేదు. మనసులో అనుకున్నది తెలుగు చేసి, ఆ తెలుగును పుస్తకం తెలుగు చేసి కాగితం మీద పెట్టేసరికి రెండు పేజీలకు రెండు రాత్రులు పట్టింది. పరీక్ష హాల్లో అయితే ఈ పనంతా మూడు గంటల్లో జరగాలి. అసైన్‌మెంట్‌లో మూడు వారాలు ఉంటుంది. కొట్టేసి మళ్లీ రాయొచ్చు. తెలిసినవాళ్లను అడగొచ్చు. మాకు రాయడం వచ్చిందంటే ఆ మూడు వారాల వల్లనే వచ్చింది, ఈ మాట గట్టిగా చెప్తాం.

అయితే జెరాక్స్ షాపులో రాసిపెట్టిన జవాబులు అమ్ముతారు. సబ్జెక్టుకు ఇంత అని రేటు. చెల్లి మొదటి ఏడాది ఒకటి అట్లా కొనుక్కొని, చేత్తో దించి పంపింది. అరవై ఎనిమిది మార్కులు. అన్న సొంతంగా రాస్తే యాభై రెండు. "చూడప్పా, సొంత తెలివికి విలువ ఇంతే" అని అన్న నవ్వినాడు గానీ ఆ రోజు టీ తాగలేదు. పరీక్షలో ఆ కొన్న సబ్జెక్టే చెల్లికి పోయింది. కొన్నదాంట్లో ఏముందో ఆమెకు తెలియదు కదా. మళ్లీ ఆరు నెలలకు రాసి పాసైంది. పాసైన సబ్జెక్టులు పాసైనట్టే ఉంటాయి, పోయిందొక్కటే మళ్లీ రాసుకోవచ్చు, ఆ సౌకర్యం మాత్రం మంచిది.

ఇంక తమ్ముడి సంగతి. గ్రామీణాభివృద్ధి సబ్జెక్టులో, మీ ప్రాంతంలో ఒక చేతివృత్తి గురించి రాయండి అని ప్రశ్న వచ్చింది. వాడు పన్నెండో ఏట నుంచి ధర్మవరం మగ్గాల ఇళ్లలో ఉన్నవాడు. కండెలు చుట్టడంతో మొదలుపెట్టి గుంట మగ్గంలోకి దిగినాడు. పడుగు ఎవరు తెస్తారు, పేక ఎవరు చుడతారు, జరీ ధర పెరిగితే ఆ బరువు ఎవరి మీద పడుతుంది, చీర షాపులో ఎంతకు అమ్ముతారు, నేసినవాడికి ఎంత వస్తుంది, అన్నీ రాసినాడు. చీరను చేనేతకే కేటాయించిన 1985 చట్టం ఉన్నా పక్క వీధిలో పవర్‌లూమ్ చప్పుడు ఎందుకు వినిపిస్తుందో కూడా రాసినాడు. పదకొండు పేజీలు. మగ్గం దిగినాక, రాత్రి పదింటి తర్వాత రాసినవి.

దిద్దినవాళ్లు పక్కన ఎర్ర పెన్నుతో ఒక లైను రాసి పంపినారు. "ఇది ఎక్కడి నుంచి కాపీ చేశావు?"

మార్కులు మధ్యస్తంగా వేసినారు. ఆ కాగితం పట్టుకొని వాడు స్టేషన్‌కు వచ్చిన ఆదివారం మాకు బాగా గుర్తుంది. చదివి చెల్లికి కోపం వచ్చింది, అన్నకు నవ్వు వచ్చింది. వాడు మాత్రం "కాగితం మీద పైన నా ఇంటిపేరు ఉంది కదన్నా" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. దిద్దినవాళ్ల మనసులో నిజంగా ఏముందో మేం చెప్పలేం. కొన్న జవాబులు చూసి చూసి అందరినీ అట్లనే అడుగుతారేమో కూడా. కానీ మన పిల్లలు ఒక పేజీ బాగా రాస్తే ముందు వచ్చేది అనుమానమే అని ఇది చదివేవాళ్లలో సగం మందికి తెలుసు. ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చినాక ఆ అనుమానం అందరి మీదికీ పాకింది. మన మీద మాత్రం ముందు నుంచే ఉంది.

డిసెంబరులో పరీక్ష. కేంద్రం అనంతపురంలో పడింది. అదే సబ్జెక్టులో చేతివృత్తుల మీద పది మార్కులకు ఒక ప్రశ్న, ఇరవై మార్కులకు ఒక ప్రశ్న వచ్చినాయి. తమ్ముడు పదకొండు పేజీలూ తలలో పెట్టుకొని ఉన్నాడు. మా పరీక్షలో జవాబు పుస్తకం మీద పేరు రాయనివ్వరు, నంబరు మాత్రమే వేస్తాం. హాల్లో నలుగురు చూస్తుండగా, పుస్తకం లేకుండా, ఫోన్ లేకుండా రాసినాడు. ఆ సబ్జెక్టులో మా ముగ్గురిలో వాడికే ఎక్కువ వచ్చినాయి. ఎక్కడి నుంచి కాపీ కొట్టావని ఈసారి ఎవరూ అడగలేదు.

అందుకే పరీక్ష అంటే మన శత్రువు అని మేం ఇప్పుడు అనుకోం. అట్లని పరీక్షకు జై కొట్టేది కూడా లేదు. చెల్లి లెక్క వినండి. ఆ విడతలో ఆమెకు ఐదు పరీక్షలు. అన్నీ పనిరోజుల్లోనే, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు. హిందూపురం నుంచి అనంతపురం వంద కిలోమీటర్ల పైమాటే. ఒక్కో పరీక్షకు ఒక రోజు కూలి పోయె, పోనూ రానూ చార్జీ, ఆ రోజు పిల్లలను చూసుకునేదానికి యాడి కూలికి పోకుండా ఉండాలె, అదీ పోయె. ఐదు పరీక్షలకు దగ్గర దగ్గర ఐదు వేలు. ఫీజు కంటే ఎక్కువ. నెలలో మూడు రోజులకు మించి సెలవు పెడితే హాజరు బోనసు కూడా పోతుంది. ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. రోజంతా గుడ్డ పట్టి మిషన్‌లోకి తోసే వేళ్లు మూడు గంటలు పెన్ను పట్టలేవు. మొదటి పరీక్షలో రెండు గంటలకే ఆమె చెయ్యి బిగుసుకుపోయింది, తెలిసిన జవాబు రాయలేక వచ్చేసింది. తర్వాత నుంచి రోజూ రాత్రి గడియారం పెట్టుకొని అరగంట ఏదో ఒకటి రాసేది. పిల్లల ఎక్కాలు కూడా రాసిందంట. ఇది చదువు గురించిన సలహా అనిపించదు గానీ, పని చేసే చేతులున్నవాళ్లకు మేం ఇచ్చే మొదటి సలహా ఇదే.

మేం ముందే చెప్పిన ఫిర్యాదు ఇది. రెండో ఏడాది అన్న ఇచ్చిన నాలుగు అసైన్‌మెంట్లలో రెండు అందలేదని ఆన్‌లైన్‌లో చూపించినారు. స్టడీ సెంటర్‌కు పోతే "మేం పంపినాం" అన్నారు, పైవాళ్లకు ఫోన్ చేస్తే "మాకు రాలేదు" అన్నారు. రసీదు తీసుకోలేదు మనవాడు. జెరాక్సూ తీసి పెట్టుకోలేదు. రెండూ మళ్లీ రాసినాడు, ఆరు నెలలు వెనకబడినాడు. పరీక్ష రాస్తే హాజరు పట్టీలో సంతకం ఉంటుంది, అసైన్‌మెంట్‌కు మన దగ్గర రసీదు ఒక్కటే సాక్ష్యం. కాబట్టి ఇచ్చే ముందు ప్రతి పేజీ ఫోటో తీయండి, ఇచ్చినాక ముద్ర కొట్టించుకోండి. ముద్ర వెయ్యమంటే విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఇంట్లో కెమెరా ముందు రాసే పరీక్షల గురించి కూడా అడుగుతున్నారు. మా జట్టులో ఎవరూ రాయలేదు, అన్న వాళ్ల కంపెనీలో ఒకతను రాసినాడు. లాప్‌టాప్, కెమెరా, మధ్యలో తెగని నెట్, ఒక్కరే ఉండే గది కావాలి. తండాలో ఒక్కరే ఉండే గది ఎక్కడుంది? పక్కన పిల్లాడు మాట్లాడినా, మనం పక్కకు చూసినా తప్పు రాసుకుంటుందంట అది. టౌనులో రూము తీసుకొని ఉండేవాళ్లకు అది సుఖమే, ప్రయాణం ఉండదు, కూలి పోదు. తండా నుంచి రాసేవాళ్లకు మాత్రం హాలే నయం అని మా అభిప్రాయం. ఐఐటీ మద్రాస్ 2020లో పెట్టిన డేటా సైన్స్ డిగ్రీ చూడండి, పాఠాలన్నీ ఆన్‌లైనే, వారం వారం అసైన్‌మెంట్లు ఉంటాయి, కానీ పరీక్షకు కేంద్రానికి పోయి కూర్చోవాల్సిందే. దాంట్లో ఎస్టీ విద్యార్థులకు ఫీజు తగ్గింపు ఉంది. ఇగ్నోలో కూడా కొన్ని ప్రోగ్రాములకు ఎస్సీ, ఎస్టీలకు ఫీజు మినహాయింపు ఇస్తారు. అడ్మిషన్ ఫారంలో ఆ గడి ఒక్కోసారి మన కంటపడదు, నెట్ సెంటర్‌లో నింపించేవాళ్లు పక్కన నిలబడి చూసుకోండి.

చేరే ముందు యూజీసీ దూరవిద్య బ్యూరో, డీఈబీ అంటారు, దాని వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు, ఈ ఏడాదికి అనుమతి ఉందో లేదో చూడండి. యూనివర్సిటీకి అనుమతి ఉండి కోర్సుకు లేకపోవచ్చు. 2024 నుంచి డీఈబీ ఐడీ లేకుండా దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ అడ్మిషన్ లేదు. అది మనమే తీసుకోవాలి, ఏ ఆఫీసువాడూ మన తరఫున తీసుకోనక్కరలేదు. ఇంజనీరింగు, నర్సింగు, లా, ఫార్మసీ, వ్యవసాయం లాంటివి ఈ పద్ధతిలో చేయడానికి వీల్లేదు, ఎవరు ఎంత తక్కువకు ఇస్తామన్నా. అనుమతి ఉన్న డిగ్రీ అయితే రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టంగా చెప్పింది. ఆ కాగితం ప్రింటు తీసి పెట్టుకోండి, ఇంటర్వ్యూలో పనికొస్తుంది. అన్నకు పనికొచ్చింది.

ముగ్గురం పాసైనాం. చెల్లి ఆరు నెలలు ఆలస్యంగా, అన్న కంటే మాత్రం ముందు. చెల్లి ఇప్పుడు అదే యూనిట్‌లో సూపర్‌వైజరు. డిగ్రీ వల్ల ఇచ్చినారో, పని వల్ల ఇచ్చినారో ఆమెకే తెలియదు. అన్న గ్రూప్-2 రాస్తున్నాడు. అది టిక్కుల పరీక్ష, అసైన్‌మెంట్లలో నేర్చుకున్న రాత దాంట్లో అక్కరకు రాదు. గ్రూప్-1 మెయిన్స్‌కు పోతే వస్తుంది, అక్కడ వ్యాసాలే రాయాలి. పోతాడో లేదో చూడాలి.

ఇప్పుడు తమ్ముడిది మళ్లీ మొదటి ప్రశ్నే. వాడు ఎంఏ చేయాలనుకుంటున్నాడు. రెండు చోట్ల అనుమతి చూసుకున్నాడు. ఒకదాంట్లో అన్నీ పరీక్షలే. రెండోదాంట్లో పరీక్షలతో పాటు చివర ఒక పెద్ద ప్రాజెక్టు, తన ప్రాంతంలో తిరిగి, మనుషులతో మాట్లాడి రాయాల్సింది. వాడికి తన వాళ్ల గురించి రాయాలని ఉంది. ఈత బరికెలతో బుట్టలల్లే ముసలమ్మలు ఇంకా నలుగురైదుగురు ఉన్నారంట వాళ్ల కాలనీలో. ప్లాస్టిక్ గంపలు వచ్చినాక వాళ్ల బుట్ట ఎవరు కొంటున్నారు, అల్లే పని ఎవరికి నేర్పుతున్నారు, అదీ ప్రాజెక్టు.

చెల్లి వద్దంటోంది. "మళ్లీ ఎవరో ఎర్ర పెన్నుతో రాస్తారు, మళ్లీ నువ్వు వారం రోజులు అన్నం తినవు. పరీక్షలదే తీసుకో, నంబరు వేసి వచ్చెయ్" అంటుంది. అన్న అటూ ఇటూ ఊగుతాండాడు. ప్రాజెక్టుకు గైడు సంతకం కావాలి, ఆ గైడు దొరకడమే కష్టమని ఆయన భయం. తమ్ముడు మాత్రం ఆ ముసలమ్మల మాటలు ఫోన్‌లో రికార్డు చేయడం అప్పుడే మొదలుపెట్టినాడు. తేదీ, ఊరు, ఎవరితో మాట్లాడినాడు, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. "ఈసారి ఎక్కడి నుంచి కాపీ చేశావంటే ఇది వినిపిస్తా" అంటాడు.

గడువు ఇంకా పద్దెనిమిది రోజులుంది. అనంతపురం, హిందూపురం వైపు ఎంఏ ప్రాజెక్టుకు గైడుగా ఉన్నవాళ్లు, లేదా అట్లాంటి ప్రాజెక్టు రాసినవాళ్లు మనవాళ్లలో ఉంటే మాకు చెప్పండి. ఈ ఆదివారం పదకొండింటికి పెనుకొండ స్టేషన్‌లోనే ఉంటాం.